ఎడమ ముందుకాలి నాడా

మనిషి పడిన చప్పుడు నాకు వినపడలేదు. ఆ సమయంలో నేను చెవులు రిక్కించి గుర్రం అడుగుల చప్పుడు వింటున్నాను. ఇప్పటికీ అది తలచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో కాదు, నా మీద నాకే. అయితే ఇక్కడి నుంచి మొదలుపెడితే మీకు తలా తోకా తెలియదు. ముందు నుంచే చెబుతాను.

నా పేరు శ్రీశైలం. జగిత్యాల నుంచి ధర్మపురి పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మా కొలిమి. మా నాయన ఎడ్లకు నాడాలు కొట్టేవాడు. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక మా పని అయిపోయిందనే అనుకున్నాం గానీ, పెళ్ళిళ్ళు మమ్మల్ని నిలబెట్టాయి. ఈ మధ్య మా దిక్కున పెళ్ళికొడుకు గుర్రం ఎక్కకపోతే బరాత్‌ను బరాత్ అనరు. కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ఉన్న పెళ్ళి గుర్రాలన్నీ నాడాల కోసం నా దగ్గరికే వస్తాయి. డీజే వెనక తారు రోడ్డు మీద గంటల తరబడి కదిలే గుర్రానికి ఇనుప నాడా నెల రోజులు ఆగితే ఎక్కువ.

పాత నాడా ఊడదీసి చేతిలోకి తీసుకుంటే ఆ గుర్రం ఎలా నడుస్తుందో నేను చెప్పగలను. ముందు కొస అరిగిందంటే కాలు ఎత్తకుండా ఈడుస్తోందని అర్థం. మడమ దిక్కు అరిగితే గిట్ట ముందు భాగంలో నొప్పి ఉందని. ఒక పక్క అంచు అరిగితే బరువు ఆ పక్కకు పడుతోందని. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. కాదులెండి, గొప్పకే చెబుతున్నాను. ఒకసారి పశువుల డాక్టరే ఒకాయనతో “ముందుగాల శ్రీశైలంకు చూపెట్టు” అన్నాడట. ఆ మాట నేను ఎంతమందికి చెప్పుకున్నానో! నేను మొదలుపెట్టగానే నా భార్య శోభ లేచి లోపలికి వెళ్ళిపోయేది. నా షెడ్డులో నా నోటి నుంచి ‘తెల్వదు’ అన్న మాట విన్నవాళ్ళు లేరు.

నా దగ్గర రెండు పద్ధతులున్నాయి. ఒకటి చెప్పుల సంగతి. ఇనుము పెట్టి కొట్టే దాగలిని మేం దేవుడికి మొక్కినట్టే మొక్కుతాం. దాని ముందుకు చెప్పులతో ఎవరినీ రానివ్వను. ఎంత పెద్ద మనిషైనా రోడ్డు దగ్గరే విడిచి రావాలి. రెండోది, గుర్రం నడక చూసేటప్పుడు దాని యజమాని పక్కకు జరగాలి. తాడు శోభ పట్టుకొని, వదులుగా, నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పుతుంది. యజమాని పక్కనే ఉంటే గుర్రం అతని మీద ధ్యాసతో నడుస్తుందని, అసలు నడక బయటపడదని మా నాయన చెప్పేవాడు. ఈ రెండు పద్ధతుల్లోనూ తప్పేమీ లేదు. కానీ ఈ రెండే నా కళ్ళకు గంతలు కట్టాయి.

బుచ్చన్నది కోరుట్ల. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. యాభై దాటేదాకా తాటిచెట్లెక్కి కల్లు గీసి, మోకాళ్ళు మొరాయించాక చెట్టెక్కే మోకు అటక మీద పడేసి, ఆరేళ్ళ కింద ఒక తెల్లటి ఆడగుర్రాన్ని కొన్నాడు. దాని పేరు మోతి. బుచ్చన్నకు, ఆయన భార్య పోశవ్వకు పిల్లలు లేరు. “మా బిడ్డ పొద్దటి సంది గడ్డి ముడతలేదు తమ్మీ” అని నాకు ఫోన్ చేసేవాడు, నేనేదో పిల్లల డాక్టర్ననుకున్నట్టు. నాడాలు మార్చాల్సినప్పుడు ట్రాలీ ఆటోలో తెచ్చి, రోడ్డు మీద దించి, దాని ఎడమ పక్కన నడుస్తూ, మెడ మీద చెయ్యి వేసుకొని నా షెడ్డు దాకా వచ్చేవాడు. ఆ చెయ్యి చూసి ఎంత ప్రేమరా ఈ మనిషికి అనుకునేవాణ్ణి.

మాఘమాసం పెళ్ళిళ్ళు జోరుగా ఉన్న రోజుల్లో, ఫిబ్రవరి నాలుగున, మోతిని తెచ్చాడు. మూడు నాడాలు సమంగానే అరిగాయి. ఎడమ ముందుకాలిది మాత్రం బయటి అంచు సగానికి సగం పలచబడింది. చేతిలో తిప్పి చూశాను. నాకు పెద్దగా ఆలోచించే పని కూడా పడలేదు.

“గిట్ట వంకర పెరిగింది బుచ్చన్నా. బయటి దిక్కు ఎత్తయింది. గందుకే బరువంత గా పక్కకే పడ్తున్నది” అన్నాను.

“అట్లనా? నాకు ఎర్కనే లేదు.”

“నీకెట్ల ఎర్కయితది? గది నాడా నాకు జెప్తది.”

బుచ్చన్నను పక్కన నిలబెట్టి, శోభతో మోతిని నడిపించి చూశాను. నడక సాఫుగానే ఉంది. కాస్త వింత అనిపించినా లెక్క చేయలేదు. నడక ఒక్క నిమిషం చూస్తాం, నాడా నెల రోజుల సంగతి చెబుతుంది, ఏది నమ్మాలి? ఆకురాయితో గిట్టను సమం చేసి కొత్త నాడా కొట్టాను.

పని అయ్యాక చాయ్ తాగుతూ బుచ్చన్న తొడ రుద్దుకున్నాడు. “దీన్ని పట్టుకొని నడుస్తుంటే నాకు సుత కుడికాలు గుంజుతున్నది తమ్మీ. తిమ్మిరి పట్టినట్టయితది.”

“గుర్రం వంకర నడుస్తుంటే దాని పక్కపొంటి నువ్వు సక్కగ ఎట్ల నడుస్తవే? దాని కాలు సక్కగయితే నీది సుత అదే సక్కగయితది పో” అన్నాను. అక్కడున్నవాళ్ళు నవ్వారు. బుచ్చన్న కూడా నవ్వాడు. చాయ్ గ్లాసు కింద పెట్టేలోపే నేను ఆ మాట మర్చిపోయాను.

ఊడదీసిన నాడా మీద తారీఖు రాసి షెడ్డులో తీగెకు తగిలించడం నా అలవాటు. మళ్ళీ ఎప్పుడు మార్చాలో దాన్నిబట్టి తెలుస్తుంది. పాత నాడాల కోసం జనం వస్తుంటారు, గుమ్మానికి కొట్టుకుంటే దిష్టి తగలదని. అయితే వాళ్ళకు సమంగా అరిగినవే కావాలి. వంకర నాడా కొడితే ఇల్లే వంకర పోతుందని వాళ్ళ భయం. అందుకని మోతి ఎడమకాలి నాడాను ఎవరూ ముట్టలేదు. అది తీగె మీదనే ఉండిపోయింది.

మార్చి ఐదున మళ్ళీ వచ్చాడు. అదే కాలు, అదే అంచు, ఈసారి ఇంకాస్త ఎక్కువ. నాకు కోపం వచ్చింది. గుర్రం మీద కోపమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నేను దిద్దిన కాలు దిద్దినట్టు ఉండకపోతే నలుగురిలో నన్ను నిలబెట్టి కడిగినట్టే ఉంటుంది నాకు. గిట్టను మళ్ళీ సమం చేశాను. లారీ కమాను ముక్క ఒకటి కాల్చి, నాడా బయటి అంచుకు అతికించి, ఇప్పుడు అరుగు చూద్దాం అని మేకులు దిగ్గొట్టాను. ఆ రోజు కూడా శోభ తాడు పట్టుకొని నడిపిస్తే మోతి చక్కగానే నడిచింది.

బుచ్చన్న వెళ్ళిపోయాక శోభ చేతులు కడుక్కుంటూ అంది: “బుచ్చన్న బావ చెప్పులు జూసినవా? గుర్రాన్ని తిప్పుకుంట చూసిన నేను. కుడి చెప్పు ముందట అరిగి బొక్క వడ్డది. ఎడమది కొత్త దాని లెక్కనే ఉన్నది.”

“చెప్పుల ముచ్చట నాకెందుకే? నేను గుర్రాల నాడాలు జూసేటోణ్ణి.”

“అరుగుడు ఏదైనా అరుగుడే గద” అని గొణుక్కుంటూ ఆమె వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి దగ్గర ఉండే మనిషికి నా పని గురించి ఏం తెలుసులే అనుకున్నాను. నడక చూసే ప్రతి గుర్రాన్నీ తిప్పేది ఆమేనని నాకు ఆ క్షణంలో గుర్తు లేదు.

ఏప్రిల్ ఆరున మూడోసారి. కాలు ఎత్తి చూసి నేను నమ్మలేకపోయాను. లారీ కమాను ఉక్కు కూడా అరిగిపోయింది. ఇంత బరువు ఒక్క అంచు మీద ఎక్కడి నుంచి పడుతోంది? మోతి మెడ నుంచి కాలి దాకా తడిమాను. ఎడమ జబ్బ మీద వేలు పెట్టి నొక్కితే చర్మం వణికించింది. మెడ కింద ఒకచోట వెంట్రుకలు పలచబడి ఉన్నాయి. దాన్ని జీను ఒరిపిడి అనుకొని వదిలేశాను. జబ్బ దగ్గర మాత్రం ఆగిపోయాను. దొరికింది దొంగ అనుకున్నాను.

“గిట్టల లేదు బుచ్చన్నా, జబ్బల ఉన్నది దోషం. లోపట నరం పట్టేసింది. ఇంకో ఆర్నెల్లల్ల ఇది కుంటుతది, తర్వాత లేవకుండ పండుతది. పెళ్ళికొడుకు మీదున్నప్పుడు పడ్డదనుకో, నిన్ను బతకనియ్యరు. గిప్పుడే ఎవలకన్న ఇచ్చెయ్.”

బుచ్చన్న ముఖం పాలిపోయింది. మోతి ముక్కు నిమిరాడు. “మందులు లెవ్వా తమ్మీ?” అన్నాడు.

“జబ్బకు మందు లేదు.”

“ఒకపారి పశువుల డాక్టర్‌కు చూపెడ్దునా?”

“చూపెట్టు. ఆయన సుత నన్నే అడుగుతడు.”

ఈ మాట అన్నందుకు నా పళ్ళు రాలగొట్టుకోవాలనిపిస్తుంది. కానీ అన్నాను. బుచ్చన్న తల ఊపాడు. “నువ్వు జెప్పినంక ఇంకేమున్నది” అని, మోతి మెడ మీద చెయ్యి వేసుకొని, మెల్లగా రోడ్డు దిక్కు నడిచాడు. ఆ నడక కూడా నేను చూశాను. బాధతో కాళ్ళు ఈడుస్తున్నాడనుకున్నాను.

సిరిసిల్లలో ఫంక్షన్లకు స్టేజీలు కట్టే సంజయ్ అనే అతను మోతిని తీసుకుంటానన్నాడు. బుచ్చన్న ఏదీ దాచే మనిషి కాదు, జబ్బ సంగతి ముందే చెప్పాడు. ఫరవాలేదు, పెళ్ళికొడుకు పక్కన ఫోటోల కోసం నిలబెట్టడానికే అన్నాడు సంజయ్. కొత్త ఇంటికి పోయే గుర్రాన్ని కొత్త నాడాలతోనే పంపాలని మా దిక్కు ఆనవాయితీ. అందుకని ఏప్రిల్ ఇరవై నాలుగున పొద్దున అందరం నా షెడ్డు దగ్గరే కలిశాం. సంజయ్ కారులో వచ్చాడు, పోశవ్వ కూడా వచ్చింది. సద్దిడబ్బాలో మోతి కోసం బెల్లం ముక్కలు తెచ్చి ఒక్కొక్కటే నోటికి అందిస్తూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

నాడాలు ఊడదీశాను. ఎడమ ముందుకాలిది పద్దెనిమిది రోజులకే పాడైంది. చూశావా అన్నట్టు బుచ్చన్నకు చూపించాను కూడా. కొత్తవి కొట్టాక సంజయ్ దగ్గర గుర్రాలు చూసుకునే చందు వచ్చి తాడు పట్టుకున్నాడు. బుచ్చన్న షెడ్డు గుంజ పట్టుకొని నిలబడ్డాడు. మోతి రెండు అడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి చూసింది. చందు నాలుకతో టక్కుమనిపించగానే మళ్ళీ కదిలింది.

మా వాకిలి మట్టి నేల. అక్కడ గిట్టల చప్పుడు రాదు. తారు రోడ్డెక్కాక వినిపించింది. టక్, టక్, టక్, టక్. నాలుగు కాళ్ళూ ఒక్క తీరుగా, గడియారం కొట్టినంత సమంగా. నాకు అర్థం కాలేదు. జబ్బలో నరం పట్టేసిన గుర్రం అడుగు అలా పడదు. ఒక కాలు బరువుగా, ఒక కాలు తేలికగా పడాలి. నేను కళ్ళు మూసుకొని మరీ విన్నాను. ఎక్కడా తేడా లేదు. చందు దాని పక్కన దూరంగా, దాన్ని ముట్టుకోకుండా నడుస్తున్నాడు.

“బుచ్చన్నా, ఒకపారి ఇను” అంటూ వెనక్కి తిరిగాను.

బుచ్చన్న నేల మీద ఉన్నాడు.

పోశవ్వ కేక అప్పుడు వినపడింది నాకు. గుంజ వదిలి గుర్రం వెంట ఒక్క అడుగు వేశాడట. ఎప్పటిలాగే కుడిచెయ్యి పక్కకు చాపాడట, మోతి మెడ ఉండే ఎత్తుకు. అక్కడ ఏమీ లేదు. మనిషి కుడి పక్కకు ఒరిగి, దాగలి పక్కనే మొద్దులాగా పడిపోయాడు. నేను పరుగెత్తి లేపబోయాను. ఎడమకాలు ఆనించాడు. కుడికాలు మాత్రం అతనిది కానట్టు వేలాడింది.

“గిదేంది వదినె? కాలుకేమైంది?” అని అరిచాను.

“ఏమో తమ్మీ! ఇంట్ల గోడ వట్టుకొని నడుస్తడు. బయట గుర్రాన్ని వట్టుకొని నడుస్తడు. దవాఖానకు పోదామంటే ఇనడు” అంది పోశవ్వ గుండెలు బాదుకుంటూ.

గుర్రాన్ని పట్టుకొని నడుస్తాడు. ఒక మనిషి సగం బరువు, రోజూ, గంటల తరబడి, గుర్రం ఎడమ పక్కన. ఆ బరువు కిందపడకుండా కాయడానికి గుర్రం ఎడమకాలు బయటికి చాచి ఆనించుకుంటుంది. అందుకే ఆ అంచు. అందుకే శోభ నడిపిస్తే ఏమీ లేదు. అందుకే ఆ జబ్బ నొప్పి, మెడ కింద పలచబడ్డ వెంట్రుకలు. మూడు నెలలుగా ఆ నాడా అరిచి చెబుతూనే ఉంది. నేను వేరే ప్రాణి గురించి అనుకున్నాను.

సంజయ్ కారులోనే కరీంనగర్ తీసుకెళ్దామన్నాడు. బుచ్చన్నను ఎక్కించి, అతని చెప్పుల కోసం రోడ్డు దగ్గరికి పోయాను. చెప్పులు చేతిలోకి తీసుకొని తిప్పి చూశాను. కుడి చెప్పు ముందు కొస పూర్తిగా అరిగి, రంధ్రంలోంచి నా వేలు బయటికి వచ్చింది. ముందు కొస అరిగిందంటే కాలు ఎత్తకుండా ఈడుస్తోందని అర్థం. ఇది నేను మా నాయన దగ్గర నేర్చుకున్న మొట్టమొదటి పాఠం. పన్నెండేళ్ళ వయసులో నేర్చుకున్నాను. శోభ నా పక్కకు వచ్చి నిలబడింది. ‘నేను చెప్పిన గద’ అనలేదు. అంటే బాగుండేది.

ఆసుపత్రిలో ఆ సాయంత్రానికి ఫోటోలు తీశారు. వెన్ను లోపల చిన్న గడ్డ ఉందట. చెడ్డ గడ్డ కాదు గానీ కాలికి పోయే నరాలను అదుముకుంటూ మెల్లమెల్లగా పెరిగిందట. డాక్టర్ దీక్షిత అని ఒక చిన్నవయసు అమ్మాయి చూసింది. “కాలు ఎప్పటి నుంచి ఈడుస్తున్నాడు?” అని పోశవ్వను అడిగింది. “మొన్న మొన్నటి సంది” అన్నాడు బుచ్చన్న, పడుకొని పైకప్పు చూస్తూ.

“కాదమ్మా” అన్నాను నేను. “తారీఖులు నా దగ్గర ఉన్నయ్.”

శోభకు ఫోన్ చేశాను. తెల్లారి మొదటి బస్సులో వచ్చింది, బియ్యం సంచిలో నాలుగు నాడాలు వేసుకొని. డాక్టర్ వాటిని తారీఖుల వరుసలో బల్ల మీద పేర్చింది. ఏది బయటి అంచో, గుర్రానికి అతను ఏ పక్కన నడిచేవాడో నేను చెప్పాను. ఆమె ఒక్కొక్కటీ వేలితో తడిమింది. ఫిబ్రవరిది, మార్చిది, ఏప్రిల్‌వి రెండూ. చదువుకున్న పిల్ల, నాడా ఎన్నడూ చేతపట్టి ఉండదు. నిమిషంలో తెలిసిపోయింది ఆమెకు.

“ఫిబ్రవరి నాటికే బాగా ఒరుగుతున్నాడు” అంది. తర్వాత నా ముఖం చూసింది. “ఇవి మీరే తీశారా?”

“అవునమ్మా.”

“చూసి ఏమనుకున్నారు?”

“గుర్రం జబ్బ అనుకున్న” అన్నాను. ఆమె ఫిబ్రవరి నాడాను మళ్ళీ తిప్పి చూసింది. “ఫిబ్రవరిలో వచ్చుంటే...” అని మొదలుపెట్టి ఆపేసింది. ఆ మిగిలిన మాట ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. పోశవ్వ సహా.

మూడు రోజులకు ఆపరేషన్ చేశారు. గడ్డ మొత్తం తీసేశామన్నారు. ప్రాణానికి భయం లేదు. కాలుకు స్పర్శ కొంచెం వచ్చింది గానీ వేళ్ళు పైకి లేవలేదు. ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేమని, ఆర్నెల్లు వ్యాయామం చేయిస్తూ చూడాలని చెప్పి ఇంటికి పంపారు.

నేను పని మానలేదు, మానితే గడవదు. కానీ ఎవరైనా నాడా చూపించి “గిదేంది అన్నా?” అంటే తల తిప్పుకొని కొలిమి ఊదేవాణ్ణి. తీగెకు ఉన్న నాడాలన్నీ దించి మూల పడేశాను. మే నెలాఖరున చందు మోతిని తెచ్చాడు, నాడాలు మార్చడానికి.

ఎడమ ముందుకాలు ఎత్తాను. నాడా సమంగా అరిగింది. ఇటు అంచు, అటు అంచు, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. గుమ్మానికి కొట్టుకునేవాళ్ళు ఎగబడి తీసుకునే నాడా.

“మస్తు నడుస్తది అన్నా. మా సార్ బరాత్‌లకు సుత పంపుతున్నడు” అన్నాడు చందు. “ఒక్కటే అలవాటు. ఎడమ దిక్కు ఎవలన్న పెద్దమనిషి నిలవడితే నడుసుడు ఆపి గాయన మీదికి ఒరుగుతది. ఎందుకో ఏమో.”

ఎందుకో నాకు తెలుసు. మోతి మెడ కింద వెంట్రుకలు మళ్ళీ వచ్చాయి. అక్కడ చెయ్యి వేస్తే నా మీదికి కూడా కొద్దిగా ఒరిగింది.

ఆ నాడా జేబులో వేసుకొని మర్నాడే కోరుట్ల వెళ్ళాను. బుచ్చన్న వసారాలో మంచం మీద దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. పక్కన నాలుగు కాళ్ళ ఇనుప ఊతం ఉంది. నాడా చేతిలో పెట్టాను. బొటనవేలితో అంచులు రెండూ తడిమి, ముఖమంతా వెలిగి, పోశవ్వను పిలిచాడు.

“జూసినవానే? సక్కగ అరిగింది. బిడ్డ జబ్బ మంచిగైంది!”

నేను ఇక ఆగలేకపోయాను. “దాని జబ్బకు ఎన్నడూ ఏం కాలే బుచ్చన్నా. నేనే తప్పు జూసిన. నా మాట వట్టి బంగారమసొంటి గుర్రాన్ని అమ్ముకున్నవు. తిట్టు నన్ను. రెండు దెబ్బలు కొట్టు.”

“ఎందుకు తిడుత తమ్మీ?” అన్నాడు మెల్లగా. నాడాను ఒళ్ళో పెట్టుకున్నాడు. “పోశవ్వ దినాం లొల్లి పెట్టేది, దవాఖానకు పోదామని. నేనే పోలే. గుర్రం సక్కగ నడిస్తే నా కాలు సుత అదే సక్కగయితదని నువ్వే అంటివి గద. నువ్వు గిట్ట దిద్దినవు, కాలు మంచిగ కాలే. ఉక్కు అతికిచ్చినవు, అయినా మంచిగ కాలే. ఆఖరుకు జబ్బ అన్నవు, గది మందుకు లొంగది అన్నవు. సరే, గీ గుర్రం పోతేనే నా కాలు నాకు మల్ల అస్తది అనుకున్న. లేకుంటే మోతిని అమ్ముదునా నేను?”

ఆ చాయ్ గ్లాసు, ఆ నవ్వులు, నలుగురి ముందు నేను విసిరిన ఆ వేళాకోళం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. నేను ఎగతాళికి అన్నాను. అతను మూడు నెలలు దాన్ని మందులాగా మింగాడు. గుర్రం విషయంలో తప్పు చూశాననే అప్పటిదాకా ఏడుస్తున్నాను. ఆ మనిషి కాలుకు కూడా నేనే వైద్యం చెప్పానని, అతను ఆసుపత్రి గడప తొక్కకుండా ఆపింది నేనేనని నాకు అప్పుడు తెలిసింది. పోశవ్వ ముఖం చూడలేక తల దించుకున్నాను.

బుచ్చన్నకు నా ముఖంలో ఏమీ కనబడలేదు కాబోలు. దుప్పటి జరిపి, రెండు చేతులతో కుడికాలు ఎత్తి, నా దిక్కు చాపాడు.

“డాక్టరమ్మ ఏమేమో జెప్పింది. నాకు సమజ్ కాలే. నువ్వు ఒకపారి జూసి జెప్పు. ఎన్నడు నడుస్త?”

అలవాటుగా నా చేతులు ముందుకు పోయాయి. ఆ పాదాన్ని తీసుకొని, గిట్టను పెట్టుకున్నట్టే, అరికాలు పైకి వచ్చేలా నా మోకాలి మీద పెట్టుకున్నాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి. మడమ మెత్తబడింది. బుచ్చన్న నా నోటి దిక్కే చూస్తున్నాడు. మోతి గిట్ట నేను ఎత్తినప్పుడల్లా ఎలా చూసేవాడో, అదే చూపు, అదే నమ్మకం, ఇంత జరిగాక కూడా. ‘దసరా వరకు నడుస్తవు పో’ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఎంత సంబరపడేవాడో.

“నాకు తెల్వదు బుచ్చన్నా” అన్నాను.

“ఏమంటివి?”

“తెల్వదు. మనుషుల కాళ్ళ సంగతి నాకు తెల్వదు. సోమవారం నేనే వచ్చి కరీంనగర్ తీసుకపోత. గా డాక్టరమ్మనే అడుగుదాం. సమజ్ కాకుంటే మల్ల అడుగుదాం.”

బుచ్చన్న నన్ను ఎరగనట్టు చూశాడు. కాలు నా మోకాలి మీదనే ఉంది, వెనక్కి తీసుకోలేదు. తీసుకోలేడని నాకు కాసేపటికి గుర్తొచ్చింది. రెండు చేతులతో పట్టుకొని నేనే దాన్ని మంచం మీద పెట్టాను.